అబద్ధం అతుకులో ఉంటుంది

2021 జనవరి 6న వాషింగ్టన్‌లో డొనాల్డ్ ట్రంప్ గంటకు పైగా మాట్లాడారు. మొదట్లో ఒకచోట, మనమంతా కాపిటల్ దాకా నడుద్దాం, నేనూ మీతో ఉంటాను, మన సెనేటర్లనూ సభ్యులనూ ఉత్సాహపరుద్దాం అన్నారు. దాదాపు 54 నిమిషాల తర్వాత ఎన్నికల్లో మోసం జరిగిందన్న ధోరణిలో, మనం పోరాడతాం, గట్టిగా పోరాడతాం అన్నారు. 2024 అక్టోబరు 28న, అమెరికా ఎన్నికలు వారంలో ఉన్నాయనగా, బీబీసీ పనోరమాలో వచ్చిన డాక్యుమెంటరీ ఈ రెండు ముక్కలనూ ఒక్క ఊపిరిలో అన్నట్టు వినిపించింది. నేనూ మీతో ఉంటాను అన్న వెంటనే పోరాడతాం అన్న మాట. సెనేటర్లను ఉత్సాహపరచే సంగతి పోయింది. శాంతియుతంగా మీ గొంతు వినిపించండి అని ఆయనే అన్న మాటా పోయింది. పైగా ఆ మాటలకు కదిలినట్టుగా, ప్రౌడ్ బాయ్స్ ముఠా నడిచి వెళ్తున్న దృశ్యం తర్వాత వచ్చింది. నిజానికి ఆ దృశ్యం ప్రసంగం మొదలవకముందు తీసింది.

ఏడాది తర్వాత బీబీసీ లోపలి మెమో ఒకటి డెయిలీ టెలిగ్రాఫ్‌కు చేరింది. 2025 నవంబరు 9న డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ అధిపతి డెబొరా టర్నెస్ ఒకే రోజు రాజీనామా చేశారు. బీబీసీ క్షమాపణ చెప్పింది. ట్రంప్ డిసెంబరులో ఫ్లోరిడా కోర్టులో వెయ్యి కోట్ల డాలర్లకు దావా వేశారు.

ఇప్పుడు ఒక నిజనిర్ధారణ విలేకరి ఆ పన్నెండు సెకన్లను ముందు పెట్టుకుని కూర్చున్నాడనుకుందాం. కాపిటల్‌కు నడుద్దామని ట్రంప్ అన్నారా? అన్నారు. పోరాడతామన్నారా? అన్నారు. గొంతు ఆయనదేనా? ఆయనదే. ప్రౌడ్ బాయ్స్ ఆ రోజు నడిచారా? నడిచారు. నాలుగింటికీ టిక్కు పడుతుంది. తప్పంతా టిక్కుకూ టిక్కుకూ మధ్య ఉంది.

రాజకీయ డాక్యుమెంటరీల నిజానిజాలు తేల్చడానికి కోర్టులు, నియంత్రణ సంస్థలు, పార్లమెంటరీ కమిటీలు, పత్రికలు, బీమా కంపెనీల లాయర్లు అయిదు దశాబ్దాలకు పైగా తంటాలు పడుతున్నారు. ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు తోచేది ఇది: పరీక్షించే వాళ్లంతా పత్రికల నుంచి అరువు తెచ్చుకున్న పద్ధతితో వాక్యాన్ని పరీక్షిస్తున్నారు, సినిమా మాత్రం వాక్యాలతో పెద్దగా అబద్ధమాడదు. రెండు నిజాలను పక్కపక్కన పెట్టి, మూడోదాన్ని ప్రేక్షకుడి చేతే అనిపిస్తుంది.

ఇది పనోరమాతో మొదలైన జబ్బు కాదు. 1971 ఫిబ్రవరి 23న అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ 'ది సెల్లింగ్ ఆఫ్ ది పెంటగాన్' ప్రసారం చేసింది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా రక్షణశాఖ జనం సొమ్ముతో జనానికే యుద్ధాన్ని ఎలా అమ్ముతోందన్నది విషయం. విషయం గట్టిదే, పీబాడీ, ఎమీ అవార్డులు కూడా వచ్చాయి. అయితే రక్షణశాఖ సహాయ కార్యదర్శి డేనియల్ హెన్కిన్ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకు చెప్పిన జవాబు ముక్క మరో ప్రశ్న జవాబులోకి వచ్చి చేరింది. ఒక కల్నల్ ఉపన్యాసంలో ఎక్కడెక్కడివో వాక్యాలు ఏరి వరసగా చెప్పినట్టు కూర్చారు. అందులో ఒక మాట ఆయనది కూడా కాదు, లావోస్ ప్రధాని అన్నదాన్ని ఆయన ఉటంకించారు. సినిమాలో అది కల్నల్ సొంత అభిప్రాయమైపోయింది.

ప్రతినిధుల సభ వాణిజ్య కమిటీ ఛైర్మన్ హార్లీ స్టాగర్స్, ప్రసారం కాని ఫుటేజీ అంతా తెచ్చి చూపించమని సమన్లు పంపారు. సీబీఎస్ అధ్యక్షుడు ఫ్రాంక్ స్టాంటన్ ససేమిరా అన్నారు. విలేకరి నోటుబుక్కును సర్కారు అడగకూడదు కదా, ఇదీ అంతేనన్నది ఆయన వాదం. కోర్టు ధిక్కారం లాంటి సభా ధిక్కారం కింద ఆయన్ను నిలబెట్టాలన్న ప్రతిపాదనను 1971 జులైలో సభ 226-181 ఓట్లతో వెనక్కి పంపింది. పత్రికా స్వేచ్ఛ గెలిచింది. నేను అక్కడ ఉంటే నేనూ ఆ 226 వైపే. కానీ ఆ గెలుపుతో పాటు ఒక చిక్కుముడి మిగిలింది. అతుకు సరిగా ఉందో లేదో తేల్చగల ఒకే ఒక్క సాక్ష్యం ప్రసారం కాని ఫుటేజీ, దాన్ని అడిగే హక్కు బయటివాళ్లెవరికీ లేదు. సీబీఎస్ తనకు తానే నియమాలు రాసుకుని, వేర్వేరు ప్రశ్నల జవాబులు కలపకూడదని అందులో చేర్చింది.

పదకొండేళ్లకే ఆ నియమాలు సీబీఎస్ మెడకే చుట్టుకున్నాయి. 1982 జనవరిలో వచ్చిన 'ది అన్‌కౌంటెడ్ ఎనిమీ', వియత్నాంలో శత్రు సైన్యం లెక్కను పెద్ద సైనికాధికారులు కావాలనే తక్కువ చేసి చూపించారని, అది కుట్ర అని అన్నది. ఆ ఏడాది మే నెలలో టీవీ గైడ్ పత్రిక, సీబీఎస్ లోపలి కాగితాలు సంపాదించి, సినిమా తీసిన తీరును ఎండగట్టింది. సీబీఎస్ తన సీనియర్ నిర్మాత బర్టన్ బెంజమిన్ చేత లోపలి విచారణ చేయించింది. ఆయన మొహమాటపడలేదు. అనుకూలంగా మాట్లాడే సాక్షులను బుజ్జగించారు, ప్రతికూలంగా మాట్లాడేవాళ్లను గద్దించారు. ఒక సాక్షికి మిగతావాళ్ల ఇంటర్వ్యూలు చూపించి మళ్లీ కెమెరా ముందు కూర్చోబెట్టారు. వేర్వేరు జవాబులు కలిపారు. కుట్ర అన్న మాటకు రుజువు లేదు.

జనరల్ విలియం వెస్ట్‌మోర్లాండ్ 12 కోట్ల డాలర్లకు పరువునష్టం దావా వేశారు. 1984 అక్టోబరులో విచారణ మొదలైంది. అక్కడ కథ అడ్డం తిరిగింది. వెస్ట్‌మోర్లాండ్ కింద గూఢచారి విభాగం అధిపతిగా పనిచేసిన జోసెఫ్ మెక్‌క్రిస్టియనే బోనెక్కి సీబీఎస్ వాదనకు బలం చేకూర్చే సాక్ష్యం చెప్పారు. 1985 ఫిబ్రవరిలో కేసు జ్యూరీ దగ్గరికి వెళ్లేలోపు జనరల్ దావా ఉపసంహరించుకున్నారు.

అంటే తీసిన తీరు చెడ్డది, చెప్పిన విషయంలో చాలా భాగం నిలబడింది. ఈ రెండూ ఒకే సినిమాలో ఉండగలవని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. సినిమా నచ్చినవాళ్లు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని మరిచిపోతారు. నచ్చనివాళ్లు మొదటిదాన్ని పట్టుకుని ఊరేగుతారు.

ఈ మొత్తం చరిత్రలో నాకు నచ్చిన పరీక్ష ఒక్కటే, అది బ్రిటన్‌లో జరిగింది. 1988 మార్చి 6న జిబ్రాల్టర్‌లో ముగ్గురు ఐఆర్‌ఏ సభ్యులను బ్రిటిష్ ప్రత్యేక దళం కాల్చి చంపింది. ఏప్రిల్ 28న థేమ్స్ టెలివిజన్ 'డెత్ ఆన్ ది రాక్' ప్రసారం చేసి, లొంగిపోయే అవకాశం ఇచ్చారా లేదా అని అడిగింది. ప్రసారం ఆపించాలని విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌ నియంత్రణ సంస్థ మీద ఒత్తిడి తెచ్చారు, సంస్థ వినలేదు. ఆ తర్వాత జరిగిన గగ్గోలులో ఒక సాక్షి మీద పత్రికలు బురద చల్లాయి. ఆమె తర్వాత పరువునష్టం కేసులు గెలిచారు. మరో సాక్షి ఇంక్వెస్టులో తన మాట మార్చుకున్నాడు.

థేమ్స్ కంపెనీ అప్పుడు బయటివాళ్లతో విచారణ వేసింది. విచారణకర్తలు ఇద్దరు: లార్డ్ విండిల్‌షామ్, న్యాయవాది రిచర్డ్ రాంప్టన్. మొదటాయన కన్సర్వేటివ్ ప్రభుత్వంలో మంత్రిగా చేసినవాడు. అంటే ప్రభుత్వ వ్యతిరేకి అని కొట్టిపారేయడానికి వీల్లేనంతగా ప్రభుత్వం వైపు మనిషి. వాళ్లు సినిమాను ఏకవాక్యంగా కాక ప్రశ్నలుగా విడదీశారు. సాక్షులను ఎలా వెతికారు, ఎవరు ఏం చెప్పారు, ఎడిటింగ్‌లో ఏం పోయింది, దాన్నుంచి ప్రేక్షకుడు ఏం అర్థం చేసుకుంటాడు అని వరసగా చూశారు. 1989 జనవరిలో వచ్చిన నివేదిక, సినిమా సదుద్దేశంతోనే తీశారని, మొత్తం మీద నిలబడుతుందని తేల్చింది. సాక్షి సంతకం చేయని వాంగ్మూలాన్ని వాడుకుని, సంతకం లేదన్న సంగతి ప్రేక్షకుడికి చెప్పకపోవడం లాంటి లోపాలను లోపాలనే అంది. ప్రభుత్వం నివేదికను తోసిపుచ్చింది. ఆరేళ్ల తర్వాత, 1995 సెప్టెంబరులో, ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 10-9 తేడాతో ఆ కాల్పులు ప్రాణహక్కును ఉల్లంఘించాయని తీర్పిచ్చింది. థేమ్స్ 1991 వేలంలో లైసెన్సు పోగొట్టుకుంది. ఈ సినిమా వల్లే పోయిందని చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రుజువు చూపించినవాళ్లు లేరు కాబట్టి, ఈ వ్యాసం విషయాన్ని బట్టి నేనూ ఆ మాట అనను.

అలాంటి విచారణ మళ్లీ ఎందుకు జరగలేదంటే, డబ్బూ ఓపికా ఉన్న నిర్మాతే తన సినిమాను తానే బోనెక్కించాలి గనక. తర్వాతి తరానికి ఆ తీరిక లేదు. డాక్యుమెంటరీ టీవీ సంస్థ చేతిలోంచి జారి సినిమా హాలుకు వచ్చింది. తీసుకొచ్చినవాడు మైకేల్ మూర్.

2004లో 'ఫారన్‌హైట్ 9/11' కాన్స్‌లో పామ్ డోర్ గెలిచి, ఒక్క అమెరికాలోనే 11 కోట్ల 90 లక్షల డాలర్లు వసూలు చేసింది. అంతకు ముందు తీసిన 'బౌలింగ్ ఫర్ కొలంబైన్'లో మూర్ బాగా దెబ్బ తిన్నాడు. తుపాకుల సంఘం అధ్యక్షుడు చార్ల్‌టన్ హెస్టన్ చేతిలో తుపాకీ ఎత్తి సవాలు విసిరే దృశ్యం, కొలంబైన్ కాల్పుల తర్వాత డెన్వర్‌లో జరిగిన సభలోదిలా కనిపిస్తుంది. అది ఏడాది తర్వాత, వేరే రాష్ట్రంలోని షార్లట్ నగరంలో తీసింది. అందుకని ఈసారి మూర్ నిజనిర్ధారకులను పెట్టుకున్నాడు, లాయర్లను పెట్టుకున్నాడు, వరస వరసకూ ఆధారాలు ప్రచురించాడు. వాక్యాల వరకూ సినిమా చాలా జాగ్రత్తగా ఉంది. అయినా డేవ్ కోపెల్ అనే విమర్శకుడు 59 మోసాలున్నాయని జాబితా వేశాడు. ఇద్దరిలో ఎవరు నిజం చెబుతున్నట్టు? సౌదీ విమానాల ఘట్టం ఒక్కటి దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

సెప్టెంబరు 11 తర్వాత అమెరికా ఆకాశం మూసేశారు. మూర్ ముందు దాన్ని చూపిస్తాడు. విమానాశ్రయాల్లో చిక్కుకుపోయిన జనం, పాప్ గాయకుడు రికీ మార్టిన్ కూడా ఎగరలేకపోయాడన్న చమత్కారం. ఆ వెంటనే ఎవరికి ఎగరాలనిపించింది అన్న ప్రశ్న, బిన్ లాదెన్ కుటుంబం అన్న జవాబు. తర్వాత వ్యాఖ్యానంలో అసలు వాక్యం వస్తుంది: సెప్టెంబరు 13 తర్వాత సౌదీలను, బిన్ లాదెన్ కుటుంబీకులను ఇన్ని విమానాల్లో దేశం దాటించారని. సెప్టెంబరు 13 తర్వాత అన్నమాట అక్షరాలా నిజం. ఆ రోజు ఉదయమే ఆకాశం తెరుచుకుంది. తెరవకముందు సౌదీల విమానమేదీ కదిలినట్టు ఆధారం దొరకలేదని 9/11 కమిషన్ రాసింది. బిన్ లాదెన్ కుటుంబం ఉన్న విమానం సెప్టెంబరు 20న వెళ్లింది. అందులోని 26 మందిలో 22 మందిని ఎఫ్‌బీఐ ప్రశ్నించిందనీ కమిషన్ తేల్చింది.

హాలు నుంచి బయటికొచ్చిన ప్రేక్షకుణ్ణి ఆపి అడిగితే, అందరి విమానాలూ ఆగిపోయిన వేళ బిన్ లాదెన్ చుట్టాలను మాత్రం ఎగరనిచ్చారని చెబుతాడు. ఆ మాట సినిమాలో ఎక్కడా లేదు. లేని మాటకు ఆధారం అడగలేరు కాబట్టి మూర్ నిజనిర్ధారకుడికి పని దొరకలేదు. ద్రోణుడికి వార్త చెప్పిన ధర్మరాజూ ఇదే సాంకేతిక కారణంతో అబద్ధమాడలేదు. ఏనుగు సంగతి సౌండ్ మిక్సింగ్‌లో పోయింది, అంతే.

చిన్నవి ఇంకా ఉన్నాయి. కాంగ్రెస్ సభ్యుల పిల్లలను ఇరాక్ యుద్ధానికి పంపమని మూర్ కాగితాలు పట్టుకుని వెంటపడే దృశ్యంలో, మిన్నెసోటా సభ్యుడు మార్క్ కెనడీ అయోమయంగా చూస్తున్న ముఖం మాత్రం మిగిలింది. తన మేనల్లుడు సైన్యంలో ఉన్నాడని ఆయన చెప్పిన జవాబు కత్తెరకు పోయింది. బుష్ గోల్ఫ్ మైదానంలో ఉగ్రవాదుల గురించి రెండు ముక్కలు చెప్పి, ఇక నా షాట్ చూడండి అనే ప్రసిద్ధ దృశ్యం ఇజ్రాయెల్‌లో జరిగిన ఆత్మాహుతి దాడి గురించిన స్పందన. సినిమాలో అది అల్‌ఖైదా గురించి అనిపిస్తుంది.

వీటన్నిటికంటే నాకు విచిత్రంగా తోచింది మరొకటి. ఫ్లోరిడా ఓట్ల మళ్లీ లెక్కింపులో ఆల్ గోరే గెలిచాడన్న శీర్షికతో పాంటాగ్రాఫ్ అనే ఇలినాయ్ పత్రిక పుట ఒకటి తెర మీద మెరుస్తుంది, డిసెంబరు 19, 2001 తేదీతో. ఆ పత్రికవాళ్లు తమ పాత సంచికలు తీసి చూస్తే ఆ రోజు అలాంటి వార్తే లేదు. ఆ శీర్షిక డిసెంబరు 5 సంచికలో ఉంది, అదీ పాఠకుల ఉత్తరాల పేజీలో ఒక ఉత్తరానికి పెట్టిన శీర్షిక. సినిమాలో దాన్ని వార్తా శీర్షికలా పెద్దది చేశారు. పత్రిక క్షమాపణ అడిగింది, నష్టపరిహారంగా ఒక్క డాలరు అడిగింది. ఇన్ని అతుకుల మధ్య ఇదొక్కటే అచ్చమైన నకిలీ. తమాషా ఏమిటంటే సినిమా వాదనకు దీని అవసరం బొత్తిగా లేదు.

అక్కడ రెండో సమస్య మొదలవుతుంది. 59 అన్న అంకె ఎంత బరువు? కోపెల్ జాబితాలో సౌదీ విమానాల లాంటివీ ఉన్నాయి, కోడిగుడ్డుకు ఈకలు పీకినవీ ఉన్నాయి. అన్నీ కలిపి లెక్కపెడితే అంకె పెద్దదవుతుంది, సంగతి మాత్రం తేలదు. తప్పుల లెక్క కూడా ఒక ఎడిటింగే.

ఆల్ గోర్ సినిమాకు జరిగింది చూడండి. 'యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్' 2006లో వచ్చి ఆస్కార్ తెచ్చుకుంది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ సెకండరీ స్కూళ్లకు పంపించాలనుకుంది. కెంట్‌కు చెందిన ఒక స్కూలు గవర్నరు, ఇది పిల్లలకు రాజకీయ ప్రచారం చేయడమేనని హైకోర్టుకెళ్లారు. 2007 అక్టోబరు 10న జస్టిస్ బర్టన్ తీర్పిచ్చారు. గోర్ ప్రధాన వాదన స్థూలంగా సరైనదే, శాస్త్రవేత్తల ఏకాభిప్రాయానికి దగ్గరగా ఉంది, స్కూళ్లలో చూపించవచ్చు, అయితే తొమ్మిది చోట్ల ఆ ఏకాభిప్రాయాన్ని దాటిపోయాడు కాబట్టి ఉపాధ్యాయుల మార్గదర్శిలో ఆ సంగతి చెప్పాలి అన్నారు. తప్పులు అన్న మాటను ఆయన కొటేషన్ గుర్తుల్లో పెట్టి మరీ రాశారు. మర్నాటి పత్రికల్లో కొటేషన్ గుర్తులు రాలిపోయాయి, తొమ్మిది మాత్రం మిగిలింది. రెండు రోజుల తర్వాత గోర్‌కు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. దాంతో రెండు వర్గాలకూ రాసుకోవడానికి బోలెడంత దొరికింది.

ఆ తొమ్మిదిలో ఏది నిజంగా బరువైనది? ఈదలేక మునిగిపోయిన ధ్రువపు ఎలుగుబంట్ల సంగతి చిన్నది. అధ్యయనంలో ఉన్నవి తుఫానులో చనిపోయిన నాలుగు. కిలిమంజారో మంచు, చాద్ సరస్సు, కత్రినా తుఫాను ఒక్కోదాన్ని భూతాపానికే కట్టబెట్టడం తొందరపాటు. పెద్దది సముద్రమట్టం. గ్రీన్‌లాండ్ మంచు కరిగితే సముద్రం ఏడు మీటర్ల దాకా పెరుగుతుందన్నది శాస్త్రవేత్తలు ఒప్పుకునే మాటే. గోర్ ఆ మాట చెబుతూ మాన్‌హటన్, షాంఘై, కలకత్తా మ్యాపుల మీద నీళ్లు పారించాడు. మ్యాపు మీద నీళ్లు కొన్ని సెకన్లలో నిండుతాయి. అంత పెరగడానికి వేల ఏళ్లు పడుతుందని జడ్జి గుర్తు చేశారు. ఇక్కడా వాక్యం తప్పు కాదు. బొమ్మకు క్యాలెండరు లేదు. అయినా, ఈ తొమ్మిదినీ తీసేసి చూసినా గోర్ అసలు వాదన నిలబడే ఉంటుంది. ఏ జాబితానైనా నేను ఈ గీటురాయి మీదే గీసి చూస్తాను: ఈ ముక్క లాగేస్తే మేడ కూలుతుందా, సున్నం రాలుతుందా?

అదే 2007లో మార్టిన్ డర్కిన్ తీసిన 'ది గ్రేట్ గ్లోబల్ వార్మింగ్ స్విండిల్' చానెల్ 4లో వచ్చింది, భూతాపమే పెద్ద మోసమంటూ. నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2008 జులైలో ఇచ్చిన నిర్ణయం చదివితే, నియంత్రణ సంస్థల చేతులు ఎంత కట్టేసి ఉంటాయో అర్థమవుతుంది. సముద్ర శాస్త్రవేత్త కార్ల్ వున్ష్‌కు ఎలాంటి కార్యక్రమమో సరిగా చెప్పకుండా పిలిచారని, వాతావరణ మార్పుపై ఐరాస సంఘం ఐపీసీసీకీ, బ్రిటిష్ ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారుగా చేసిన సర్ డేవిడ్ కింగ్‌కూ అన్యాయం జరిగిందని ఆఫ్‌కామ్ ఒప్పుకుంది. మరి సైన్సు నిజమా కాదా? ఆ జోలికి పోలేదు. ఖచ్చితత్వం తప్పనిసరి అన్న నియమం వార్తలకే వర్తిస్తుంది. మిగతా వాస్తవ కార్యక్రమాలు ప్రేక్షకుణ్ణి హాని కలిగేంతగా దారి తప్పించకపోతే చాలు. మనిషికి అన్యాయం జరిగితే ఫిర్యాదు ఉంది, నిజానికి జరిగితే లేదు.

బీమా లాయర్లదీ దాదాపు ఇదే కథ. అమెరికాలో డాక్యుమెంటరీ పంపిణీ కావాలంటే 'ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్' బీమా ఉండాలి. దానికోసం లాయరు స్క్రిప్టు వాక్యం వాక్యం చూస్తాడు. ఆయన వెతికేది కోర్టుకెళ్లగల మనిషి కోసం. బిన్ లాదెన్ కుటుంబం విమానం ఎప్పుడు ఎగిరిందన్న భ్రమ వల్ల దావా వేయగలవాడెవడూ లేడు గనక అది ఆయన కళ్లద్దాల్లో పడదు.

కోర్టుకెళ్లగల మనిషి ఒకడు ఉంటే ఏమవుతుందో '2000 మ్యూల్స్' చూపించింది. ముంబైలో పుట్టి అమెరికాలో స్థిరపడిన దినేశ్ డిసౌజా 2022లో తీసిన ఆ సినిమా, 2020 ఎన్నికల్లో రెండు వేల మంది కూలికి బ్యాలెట్లు మోసి డ్రాప్ బాక్సుల్లో వేశారంటుంది. ఆధారం మొబైల్ ఫోన్ల లొకేషన్ డేటా. పది డ్రాప్ బాక్సుల దగ్గరికీ అయిదుసార్లు స్వచ్ఛంద సంస్థల దగ్గరికీ వెళ్లిన ఫోన్ ఏదైనా మ్యూల్‌దే, అంటే అలాంటి కూలీదే అని లెక్క. ఆ బాక్సులు పెట్టింది రద్దీ కూడళ్లలో, గ్రంథాలయాల దగ్గర. పార్సిళ్లు పంచేవాడి ఫోనూ ట్యాక్సీ డ్రైవరు ఫోనూ రోజూ అటే తిరుగుతాయి. మనిషి బాక్సులో కాగితం వేశాడో, పక్కనుంచి వెళ్లాడో ఫోన్ డేటా చెప్పలేదు.

ఇది తెలిసిన డిసౌజా డేటా పక్కన సీసీ కెమెరా దృశ్యాలు పెట్టాడు. డేటాలో చుక్క, దృశ్యంలో మనిషి. చూసేవాడు ఆ చుక్కే ఈ మనిషి అనుకుంటాడు. ఒకే మనిషి రెండు బాక్సుల దగ్గర కనిపించే దృశ్యం మాత్రం సినిమా మొత్తంలో ఒక్కటీ లేదు. జార్జియాలో బ్యాలెట్లు వేస్తూ ఆ దృశ్యాల్లో కనిపించిన ఒక ఓటరు తనవీ తన ఇంట్లోవాళ్లవీ కలిపి అయిదు బ్యాలెట్లు చట్టప్రకారమే వేశాడని దర్యాప్తులో తేలింది. అతను దావా వేశాడు. పంపిణీదారు సేలం మీడియా 2024 మే 31న అతనికి క్షమాపణ చెప్పి సినిమాను ఉపసంహరించుకుంది. ఆ ఏడాది చివర్లో డిసౌజా కూడా, ఆ దృశ్యాలకూ లొకేషన్ డేటాకూ సంబంధం లేదని ఒప్పుకున్నాడు. గోర్ సినిమాలో సున్నం రాలింది, ఇక్కడ స్తంభమే లేదు. తప్పుల అంకెలు పక్కపక్కన పెట్టి రెండూ ఒకటే అనేవాళ్లకు నా దగ్గర జవాబు ఇదే. నిజనిర్ధారకులు 2022లోనే ఈ సంగతులన్నీ రాశారు. సినిమాను కదిలించింది మాత్రం ఒక సామాన్య ఓటరు వేసిన దావా.

ఇక మన దేశంలో ఈ ప్రశ్నే వేరు. ఇక్కడ ముందు అడిగేది నిజమా అని కాదు, చూపించవచ్చా అని. 1970లో కె.ఏ. అబ్బాస్ 'ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్' కేసులో సుప్రీంకోర్టు చర్చించింది సెన్సార్ చెల్లుతుందా అన్నదాన్ని. భోపాల్ విషవాయువు దుర్ఘటన మీద తపన్ బోస్, సుహాసిని మూలే తీసిన 'బియాండ్ జెనోసైడ్'కు స్వర్ణకమలం వచ్చినా దూరదర్శన్ ప్రసారం చేయనంది. రాష్ట్ర ప్రభుత్వాన్ని విమర్శించిందన్న కారణంతో ఆపలేరని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ ఈ తీర్పుల పరంపరలో ఎక్కడా సినిమాలోని ఫలానా మాట సరైనదా కాదా అని సాక్ష్యం పెట్టి తేల్చిన సందర్భం నాకు కనిపించదు. ఆ దగ్గరికొచ్చింది డాక్యుమెంటరీ కాని 'ది కేరళ స్టోరీ' మాత్రమే. మతమార్పిడులు 32,000 అన్న అంకెకు ప్రామాణికమైన ఆధారం లేదని సినిమా మొదట్లో చెప్పేలా 2023 మేలో సుప్రీంకోర్టు చేసింది.

ఆ ఏడాది జనవరిలో బీబీసీ 'ఇండియా: ది మోదీ క్వశ్చన్' వచ్చింది. కేంద్రం ఐటీ నిబంధనల్లోని అత్యవసర అధికారాలతో లింకులు తొలగించింది, విదేశాంగ శాఖ ప్రచార చిత్రమంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రిపబ్లిక్ డే రోజున ఎస్ఎఫ్ఐ విద్యార్థులు దాన్ని ప్రదర్శిస్తే, ఏబీవీపీ విద్యార్థులు పోటీగా 'ది కశ్మీర్ ఫైల్స్' వేశారు. సినిమాకు సినిమా జవాబు. ఏ తెర ముందూ ఎవరూ కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నట్టు లేరు.

కూర్చుంటే చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. ఆ డాక్యుమెంటరీ కొత్తగా బయటపెట్టింది 2002 గుజరాత్ అల్లర్ల మీద బ్రిటిష్ విదేశాంగ శాఖ తయారుచేయించుకున్న నివేదికను. ఇందులో మూడు మెట్లున్నాయి. అలాంటి నివేదిక ఉందా? ఉంది, అప్పటి విదేశాంగ మంత్రి జాక్ స్ట్రా కెమెరా ముందు ఒప్పుకున్నారు. అందులో సినిమా చెప్పినట్టే రాసి ఉందా? చూపించిన భాగాల మేరకు ఉంది. అందులో రాసింది నిజమా? అది వేరే మెట్టు. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు, మోదీకి సిట్ ఇచ్చిన క్లీన్ చిట్‌ను సమర్థించింది. ఒక దౌత్య నివేదికకూ ఒక కోర్టు తీర్పుకూ వేర్వేరు పరిధులు, వేర్వేరు సాక్ష్యాలు. సినిమా మెచ్చినవాళ్లు మొదటి మెట్టెక్కి మూడోది ఎక్కేశామన్నారు. తిట్టినవాళ్లు మూడోదాని పేరు చెప్పి మొదటిదీ లేదన్నారు. ప్రభుత్వం కూడా ఫలానా నిమిషంలో ఫలానా మాట తప్పు అని ఒక్క పుట విడుదల చేసినా చర్చ వేరేగా ఉండేది. లింకు తీసేస్తే అతుకు పరీక్షించే వీలు కూడా దాంతోనే పోతుంది.

తెలుగులో రాజకీయం తెర మీదికి ఎక్కువగా కథాచిత్రంగా వస్తుంది. 'యాత్ర', 'లక్ష్మీస్ ఎన్టీఆర్', 'రజాకార్' అందరికీ తెలిసినవే. కల్పితం అన్న ఒక్క కార్డు వాటికి కవచం. ఎన్నికల వేళ యూట్యూబ్‌లో పార్టీల మనుషులు వదిలే అరగంట 'డాక్యుమెంటరీ'లకు ఆ కార్డు కూడా ఉండదు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులో మంచి పని చేస్తున్నాయి. అయితే వాళ్ల దగ్గరికొచ్చేది ఎక్కువగా ఒక ఫొటో, ఒక క్లిప్, ఒక వాక్యం. అరగంట సినిమాలో ముప్పై వాక్యాలూ నిజమై, వాటి వరస తప్పయితే ఏ ముద్ర వేయాలో వాళ్ల పట్టికలో గడి లేదు.

కొంత మేరకు ఈ పని ఇప్పుడు తేలికైంది. బహిరంగ ప్రసంగమైతే పూర్తి వీడియో ఎక్కడో ఒకచోట ఉంటుంది. అమెరికాకు సీ-స్పాన్ ఉంది, మనకు సంసద్ టీవీ ఉంది, అసెంబ్లీ సమావేశాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. మాటలను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ సినిమాలోని ముక్కను అసలు ప్రసంగం పక్కన పెట్టి, మధ్యలో ఎన్ని నిమిషాలు మాయమయ్యాయో చెప్పగలదు. పనోరమా అతుకు దొరికింది కూడా పూర్తి ప్రసంగం అందరి దగ్గరా ఉండబట్టే. గదిలో కూర్చోబెట్టి తీసిన ఇంటర్వ్యూకు ఈ సౌకర్యం లేదు. అందుకే ప్రతి డాక్యుమెంటరీతో పాటు ఇంటర్వ్యూల పూర్తి పాఠాన్ని, రహస్య సాక్షుల పేర్లు తీసేసి, నిర్మాతే విడుదల చేయాలని నేను వాదిస్తాను. సర్కారు సమన్లతో లాక్కోవడం వేరు, స్టాంటన్ దానికి ఒప్పుకోకపోవడం సరైనదే. నిర్మాత తనంతట తాను ఇవ్వడం వేరు, అలా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. మూర్ వాక్యాలకు ఆధారాలిచ్చాడు, కత్తిరించిన ముక్కలన్నీ ఇవ్వలేదు. ట్రంప్ దావాలో బీబీసీ ఎడిటింగ్ గది కాగితాలు కోర్టు ముందుకు రావాల్సి వస్తే, వెస్ట్‌మోర్లాండ్ కేసులో సీబీఎస్‌కు పట్టిన గతే మళ్లీ కనిపించవచ్చు.